‘తాత్కాలికం’ అంటే గడువు అడగండి

సంపాదకుల వారికి,

నాయకుల ప్రసంగాలను ఉన్నవి ఉన్నట్టు పతాక శీర్షికలకు ఎక్కించడం మాకు ఆందోళన కలిగిస్తోంది. నిరంకుశత్వానికి జనాన్ని ఒప్పించే మాటల వరస చాలాచోట్ల ఒక్కటే. ముందు దేశం ప్రమాదంలో ఉందంటారు. ఆపై కోర్టులు, చట్టసభలు, పత్రికలు పనికి అడ్డుపడుతున్నాయంటారు. చివరికి ‘కొద్దికాలమే’ అంటూ అధికారాలు అడుగుతారు.

పెరూలో 1992 ఏప్రిల్ 5న అధ్యక్షుడు ఫుజిమోరి టీవీలో మాట్లాడి పార్లమెంటును ‘తాత్కాలికంగా’ రద్దు చేశారు, న్యాయవ్యవస్థను ప్రక్షాళన చేస్తామన్నారు. ధరల మంటతో, తీవ్రవాద దాడులతో విసిగిపోయిన జనంలో అత్యధికులు సమర్థించారు. జర్మనీలో పార్లమెంటు భవనం తగలబడిన మర్నాడే, 1933 ఫిబ్రవరి 28న, వాక్ స్వేచ్ఛను నిలిపేసిన ఉత్తర్వుకు ‘ప్రజల, రాజ్య రక్షణ’ అని పేరు పెట్టారు. నెల తిరక్కుండానే 444–94 ఓట్లతో చట్టాలు చేసే అధికారం హిట్లర్ మంత్రివర్గం చేతికి వెళ్లింది. చట్టంలో రాసిన గడువు నాలుగేళ్లే. పొడిగిస్తూ 1945 దాకా లాగారు.

ప్రత్యర్థులను ద్రోహులు, పురుగులు అనడం మొదలైతే ఇంకా ప్రమాదం. వాళ్లను అరెస్టు చేసినా అయ్యో అనేవాళ్లుండరు. ఆ తిట్టును ఖండిస్తూనే శీర్షికలో పెడితే దాన్ని మరింతమందికి చేర్చినట్టే.

అందుకే మా విన్నపం: ప్రసంగం పక్కనే నాయకుడు అడుగుతున్న అధికారం ఏమిటి, ఏ చట్టం కింద, ఎప్పటివరకు, రద్దు చేయగలిగేది ఎవరు అన్నవి అచ్చు వేయండి. గడువు చెప్పకపోతే, చెప్పలేదనే శీర్షిక పెట్టండి.

– కొందరు రాజనీతిశాస్త్ర అధ్యాపకులు