‘అసలైన చైనా వంటకాలు’ అన్న మీ ముద్రకు ఆధారం ఏమిటి?

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ యాప్‌లో ఒక రెస్టారెంటుకు ఇచ్చిన తప్పుడు గుర్తింపు, దానివల్ల పాడైన మా కుటుంబ విందు.

అయ్యా,

గత శనివారం మా నాన్నగారి డెబ్బయ్యవ పుట్టినరోజు. ఆయన పాతికేళ్లు సరకుల ఓడల్లో ఇంజినీరుగా పనిచేశారు. ఓడ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ రేవులో ఆగినప్పుడు తిన్న చేప గురించి మా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. చేపను ముక్కలు చేయకుండా ఆవిరి మీద ఉడికించి, సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు పైన పరచి, కాగిన నూనె పోస్తారట. ఆ నూనె చుయ్యిమంటుండగానే పళ్లెం బల్ల మీదికి వస్తుందట. తల వైపు పెద్దవారికి ఎదురుగా ఉండేలా పెడతారట. చైనా భాషలో చేపను ‘యూ’ అంటారు. మిగులుకీ సమృద్ధికీ వాడే మాట కూడా అలాగే పలుకుతుంది. అందుకే పండుగ భోజనంలో చేప మొత్తంగా ఉండాలంటారు. ఈసారి ఆ పళ్లెం ఆయన ముందు పెట్టాలని ఎనిమిది మందిమీ అనుకున్నాం.

దీనికోసం మూడు రోజులు మీ యాప్‌లో వెతికాను. ఈ రెస్టారెంటు పేరు పక్కన ‘అసలైన చైనా వంటకాలు’ అన్న పచ్చ ముద్ర ఉంది. వివరాల్లో కాంటనీస్ (గ్వాంగ్‌జౌ వైపు వంట), సిచువాన్ (నైరుతి చైనా వంట) అని కూడా ఉంది. ప్రత్యేక సూచనల గడిలో ‘గుండ్రని బల్ల, ఆవిరిపై వండిన మొత్తం చేప’ అని రాసి, రుసుము చెల్లించి బుక్ చేశాను. సూచనలు చేరాయని మీ దగ్గర నుంచి సందేశం వచ్చింది.

తీరా వెళ్తే గుండ్రని బల్ల లేదు. చేప గురించి అడిగితే అక్కడి మేనేజరు ఆశ్చర్యపోయారు. అలాంటిది తాము ఎప్పుడూ వండలేదని, మీ నుంచి తమకు వచ్చింది ఎనిమిది మంది అన్న లెక్క ఒక్కటేనని చెప్పారు. పిండిలో ముంచి వేయించి, ఎర్రటి తియ్యని సాసులో కలిపిన చేప ముక్కలు తెచ్చారు. నాన్నగారు ఒక ముక్క తిని, బాగుందని అన్నారు. ఆ మాట మా కోసం అన్నారని అందరికీ తెలుసు.

మాపో టోఫు, అంటే కారంగా వండే సోయా పనీరు కూర, కూడా తెప్పించాం. అది 19వ శతాబ్దంలో సిచువాన్‌లోని చెంగ్డూ నగరంలో పుట్టిన వంటకం. మిరపకాయలతో పులియబెట్టిన చిక్కుడు గింజల ముద్ద దానికి ప్రాణం. పైన చల్లే హువాజియావ్ (సిచువాన్ మిరియాల) పొడి నాలుకను తిమ్మిరెక్కిస్తుంది. మాకు వచ్చిన దానిలో ఆ తిమ్మిరీ లేదు, పులిసిన వాసనా లేదు. మొక్కజొన్న పిండితో చిక్కబడిన తియ్యని రసం మాత్రం ఉంది. చివర్లో చీటీలు దాచిన మడత బిస్కెట్లు ఇచ్చారు. అవి చైనావే కావు. జపాను మిఠాయి నుంచి పుట్టి కాలిఫోర్నియాలో ప్రచారంలోకి వచ్చినవి.

నా ఫిర్యాదు ఆ రెస్టారెంటు మీద కాదని గమనించండి. వారి బోర్డు మీద ‘అసలైన’ అన్న మాట ఎక్కడా లేదు. తమ దగ్గరికి వచ్చేవారికి నచ్చినట్టు వండుకుంటున్నారు, మర్యాదగా వడ్డించారు. లేని మాటను వారికి అంటగట్టింది మీరు. మరునాడు మీ ప్రతినిధికి ఫోను చేస్తే, ‘చైనీస్’ విభాగంలో రేటింగు ఎక్కువగా ఉన్న రెస్టారెంట్లకు ఆ ముద్ర దానంతట అదే వస్తుందని చెప్పారు. అంటే మీరెవరూ అక్కడ తినలేదు, వంటవారిని ఏమీ అడగలేదు. ఎక్కువ మందికి నచ్చడం వేరు, అసలైనది కావడం వేరు. ఈ తేడా తెలియకుండా ఆ మాట వాడే హక్కు మీకు లేదు.

పైగా చైనా వంట అంటే ఒకటే వంట కాదు. అక్కడ ఎనిమిది ప్రధాన సంప్రదాయాలను చెప్పుకుంటారు. చెంగ్డూకీ గ్వాంగ్‌జౌకీ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. ఒకచోట కారం, తిమ్మిరి. మరోచోట చేప తాజాదనం చెడకుండా వీలైనంత తక్కువ మసాలా. రెండూ అద్భుతంగా వండే వంటగది ఉండవచ్చు, కానీ అడిగి తెలుసుకోకుండా మీరెలా రాశారు? వంటవారు ఏ ప్రాంతపు వంట నేర్చుకున్నారు, చేపను మొత్తంగా వండుతారా, హువాజియావ్ వాడతారా, పదిమంది కూర్చునే గుండ్రని బల్ల ఉందా అని నాలుగు ప్రశ్నలు అడిగి ఆ జవాబులు పెడితే చాలు. ఏ ముద్రా లేకుండానే మేం సరైన చోటు ఎంచుకోగలం.

కాబట్టి విచారించి నిర్ధారించుకునే వరకు ఆ ముద్రను అన్ని రెస్టారెంట్ల పేర్ల పక్కనుంచీ తొలగించండి. నా సూచనలు రెస్టారెంటుకు చేరకుండానే చేరాయని సందేశం ఎందుకు పంపారో లిఖితపూర్వకంగా తెలియజేయండి. బుకింగ్ రుసుము తిరిగి చెల్లించండి. కూపన్లు, తగ్గింపులు నాకు వద్దు.

వచ్చే నెలలో నాన్నగారిని మళ్లీ భోజనానికి తీసుకెళ్తున్నాం. ఈసారి ప్రతి రెస్టారెంటుకూ నేనే ఫోను చేసి చేప సంగతి అడుగుతున్నాను. పదిహేను రోజుల్లోగా మీ జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ యాప్ వినియోగదారు

జతపరిచినవి: బుకింగ్ సందేశం, ఆ రోజు బిల్లు, పచ్చ ముద్ర కనిపించే పేజీ చిత్రం.