వార్షిక కార్యకలాపాల నివేదిక, 2024–25
(హనుమకొండ సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

సభ్యులందరికీ నమస్కారం. తమను తాము గాయపరచుకునే పిల్లలకు, వాళ్ల కుటుంబాలకు తోడుండడానికే ఈ సంఘం పెట్టుకున్నామని మీకు తెలుసు కనుక నేరుగా పనిలోకి వస్తున్నాను.

ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవలసింది దసరా తర్వాత వరుసగా నాలుగు ఆదివారాలు జరిపిన కుటుంబ శిక్షణ. పరకాల, నర్సంపేట, జనగామ నుంచి కూడా తల్లిదండ్రులు బస్సెక్కి వచ్చారు. అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడింది ఒట్టు గురించి. బిడ్డ చేతిమీద గాయం కనపడగానే ‘నా మీద ఒట్టు, ఇంకోసారి చేసుకోనని చెప్పు’ అనడం మన ఇండ్లలో మామూలు. తట్టుకోలేని బాధ కాసేపైనా దిగుతుందని ఆ పిల్ల గాయం చేసుకుంటోంది. ఒట్టు ఆ బాధను తగ్గించదు, మాట తప్పానన్న భయాన్ని దానికి తోడు చేస్తుంది. అందుకే మళ్లీ చేసుకున్నప్పుడు నిండు చేతుల బట్టలు వేసుకుని దాస్తుంది. చీము పట్టాక గాని ఇంట్లో తెలియదు.

ఒట్టుకు బదులు కాగితం రాయించాం. బాధ ముంచుకొచ్చే ముందు కనపడే గుర్తులు, ఒక్కతే ఉన్నప్పుడు చేయగలిగినవి, ఎవరి పక్కన కూర్చుంటే మనసు మళ్లుతుంది, ఎవరికి విప్పి చెప్పొచ్చు, డాక్టరు నంబరు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, చివరగా ఇంట్లో తాళం వేయాల్సినవి. మందుబిళ్లలు, పురుగుమందు డబ్బాలు ఇందులో తప్పనిసరి. ఇది పిల్లల చేతిరాతలోనే ఉండాలి. నాన్న రాసిచ్చిన కాగితం అల్మారాలోనే ఉండిపోతుంది.

నర్సు అక్కలు ప్రథమ చికిత్స చేసి చూపించారు. శుభ్రమైన బట్టతో 10 నిమిషాలు ఆపకుండా అదమాలి. ఆగిందా అని మధ్యలో ఎత్తి చూస్తే మళ్లీ కారుతుంది. పసుపు, కాఫీ పొడి వేయవద్దు. నెత్తురు ఆగకపోయినా, గాయం లోతుగా ఉన్నా, వేళ్లు మొద్దుబారినా 108. టెటనస్ సూది గురించి అడగండి. మాత్రలో, మందో మింగారన్న అనుమానముంటే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు, ఆ సీసా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. కట్టు కట్టాక ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి.

గాయాలు చేసుకోవడాన్ని మాన్పించే మాత్ర లేదు. డాక్టరు రాసేది దాని వెనకున్న కుంగుబాటుకో, ఆందోళనకో. అది పని చేయడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది, వారంలోనే మానేయించిన కుటుంబాలున్నాయి. మొదటి వారాల్లో చికాకు పెరిగితే దాచకుండా డాక్టరుకు చెప్పాలి. బాధ ముంచుకొచ్చినప్పుడు తట్టుకోవడం నేర్పే చికిత్స ఒకటుంది, అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. దాని నుంచి చల్లటి నీటి పద్ధతి నేర్పాం. ఊపిరి బిగబట్టి ముఖాన్ని 30 సెకన్లు చల్లని నీళ్లలో ఉంచడం. గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగాకే చేయాలి.

కేసవుతుందని ఆసుపత్రికి పోనివాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించరాదు. ఆసుపత్రి రాసుకునే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు నమోదు) శిక్ష కాదు. ఈ సంగతి హాస్టళ్లలో చెప్పడానికి అనుమతి కోరుతూ ఒక కార్యాలయానికి పదేపదే వినతిపత్రాలిచ్చాం. జవాబు లేదు. పిల్లలున్నదే ఆ హాస్టళ్లలో.

హాలు ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి, నర్సు అక్కలకు, నాలుగు వారాలూ చాయ్ పోసి కుర్చీలు సర్దిన యువకులకు, దూరం నుంచి వచ్చిన తల్లిదండ్రులకు సంఘం తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక వేరుగా జత చేశాం. ఖర్చులో ఎక్కువ భాగం ప్రయాణాలకు, జిరాక్సులకు పోయింది.

ఒక్క మాట బాధతోనే రాస్తున్నాను. నిరుటి సభలో సాయానికి వస్తామని చేతులెత్తిన వాళ్లలో చాలామంది ఇంటర్ ఫలితాల వారంలో ఫోన్ ఎత్తలేదు. మన అవసరం అందరికంటే ఎక్కువగా పడేది ఆ వారమే. రాబోయే ఫలితాలకు పేర్ల పుస్తకం కోశాధికారి దగ్గరుంది. ఏ రోజు, ఏ పూట వస్తారో రాయండి. రాలేని పూట రాయకండి.

కార్యదర్శి