బాల్యానికి పేజీ, బతుక్కి ఒక వాక్యమా?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో చెక్ ఉపాధ్యాయురాలి కథనం వచ్చి రెండు వారాలు దాటినా ఏ పాఠకుడూ స్పందించకపోవడంతో నేను రాయవలసి వస్తోంది. ఆవిడ యుద్ధకాలపు బాల్యానికి పేజీ అంతా కేటాయించిన మీరు, తరువాతి జీవితాన్ని ‘అనంతరం ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పైగా ఆవిడ ఇప్పుడు ‘చెకోస్లొవేకియాలో’ నివసిస్తున్నారట! ఆ దేశం 1993 జనవరి 1 నుంచి రెండు దేశాలైన సంగతి మీ డెస్కుకు ఇంకా చేరినట్లు లేదు.

పోనీ బాల్యాన్నయినా సరిగా రాశారా అంటే, లిదిత్సె అనే చెక్ గ్రామంలో జరిగిన ఊచకోతను ‘బాంబుదాడి’ అన్నారు. ఆకాశం నుంచి అక్కడ ఏ బాంబూ పడలేదు. నాజీ అధికారి హైడ్రిచ్ హత్యకు ప్రతీకారంగా 1942 జూన్ 10న ఆ ఊరి మగవాళ్లను 173 మందిని, తూటాలు ఎగిరి తమకే తగలకుండా గోడకు పరుపులు ఆనించి మరీ, కాల్చి చంపారు. ఆడవాళ్లను, పిల్లలను క్లాద్నో పట్టణంలో ఒక బడి వ్యాయామశాలలో ఉంచి, అక్కడే తల్లుల నుంచి పిల్లలను లాక్కున్నారు. వారిలో 82 మందిని పోలండ్‌లోని హెల్మ్‌నో నాజీ శిబిరంలో విషవాయువుతో చంపారు. జర్మన్ కుటుంబానికి అప్పగించిన మరియే దొలెజలోవా అనే బాలిక, యుద్ధం ముగిసి తల్లిని చేరేనాటికి తన భాషే మరిచిపోయింది.

అయితే నా అసలు అభ్యంతరం ఆ ‘అనంతరం’ అన్న మాటపైనే. చిన్నప్పుడు బడిలో జర్మన్ రుద్దించుకున్న తరం, పెద్దయ్యాక కమ్యూనిస్టు పాలనలో రష్యన్ తప్పనిసరైన బడుల్లో పాఠాలు చెప్పింది. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాక, ఆ దండయాత్రను ‘సోదర సహాయం’గా ఒప్పుకోనివారి ఉద్యోగాలు ఊడాయి, చదువుకున్నవారు బాయిలర్లలో బొగ్గు వేసి బతికారు, వారి పిల్లలకు కళాశాలల తలుపులు మూసుకుపోయాయి. ఆ రోజుల్లో ఆవిడ ఏ కాగితంపై సంతకం పెట్టారో, దేనికి నిరాకరించారో, మే డే ఊరేగింపుకు పిల్లలను తీసుకెళ్లేటప్పుడు మనసులో ఏమనుకున్నారో అడగాలని మీ విలేకరికి తోచలేదా? నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలను మూసివేసిన 1939 నవంబరు 17ను స్మరిస్తూ, సరిగ్గా యాభై ఏళ్లకు ప్రాగ్‌లో విద్యార్థులు చేసిన ఊరేగింపే ఆ కమ్యూనిస్టు ప్రభుత్వ పతనానికి నాంది అయింది. ఆ పిల్లలకు పాఠాలు చెప్పింది ఎవరనుకున్నారు?

అక్కడ విద్యావేత్త కొమీనియస్ పుట్టిన మార్చి 28ని ఉపాధ్యాయ దినంగా జరుపుకుంటారు. మన దగ్గర సెప్టెంబరు 5న ఒక శాలువా కప్పి, మిగతా ఏడాదంతా యాప్‌లో ముఖం చూపించు, ఎన్నికల పెట్టె మొయ్యి అనే అధికారులకు, బడిపంతులి జీవితంలో రాయదగ్గది ఏమీ లేదనుకునే పత్రికలకు తేడా ఏమిటో నాకు తెలియడం లేదు.

ఆవిడ బోధనా జీవితంపై రెండో భాగం ప్రచురించాలని కోరుతున్నాను. ‘బాంబుదాడి’కి సవరణ వేసేటప్పుడు, మీకు అలవాటైనట్లు లోపలి పేజీ అడుగున టెండరు ప్రకటనల పక్కన కాకుండా, అదే అనుబంధంలో వేయించగలరు.

– విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, తెనాలి