రోడ్డు రేసుకు టికెట్టు ఉండదు, మీ పేజీయే ఆధారం

సంపాదకుడి గారికి నమస్కారం.

పురుషుల టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు నడిచే మూడు వారాలూ మీ క్రీడా పేజీలో ఎంతో కొంత వస్తుంది, ఎవరు గెలిచారు, మొత్తం సమయం లెక్కలో ముందున్నవాళ్లు వేసుకునే పసుపు జెర్సీ ఎవరి ఒంటి మీద ఉంది, ఎవరు పడ్డారు అని. అది అయ్యాక మహిళల టూర్ జరుగుతుంది. ఆ రోజుల్లో నేను పొద్దున్నే లేచి ముందు చివరి పేజీలే తిరగేస్తాను. ఆఖరి రోజున విజేత ఫొటో ఒకటి వేస్తే వేసినట్టు, లేకపోతే అదీ లేదు. మా అమ్మాయి ఆరేళ్లుగా రోడ్డు రేసుల్లో పోటీ పడుతోంది, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది.

ఇదేం పెద్ద విషయం అనిపించొచ్చు మీకు. కానీ ఈ ఆటలో డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి. రోడ్డు రేసుకు స్టేడియం లేదు, గేటు లేదు, టికెట్టు లేదు. చూసేవాళ్లు రోడ్డు పక్కన నిలబడి ఊరికే చూస్తారు. జట్టు నడిచేది దాదాపు పూర్తిగా స్పాన్సర్ డబ్బుతోనే, అందుకే జట్టుకి కంపెనీ పేరే ఉంటుంది. తన పేరున్న జెర్సీని ఎంతమంది చూశారన్నదే ఆ కంపెనీ లెక్క. టీవీలో చూపించక, పేపర్లో రాయక ఏడాది గడిచిపోతే వచ్చే ఏడాది ఆ కంపెనీ ఉండదు, అది లేకపోతే పదిహేను మంది అమ్మాయిలకి పని ఉండదు. మా అమ్మాయి ఇంతకుముందున్న జట్టుకి అదే జరిగింది. సీజన్ మధ్యలో స్పాన్సర్ తప్పుకున్నాడు, మూడు నెలల జీతం రాలేదు, తర్వాత జట్టే లేదు. సైకిల్ కూడా వెనక్కి పంపించమన్నారు, అది జట్టుది కాబట్టి.

మీరు వేసే విజేత ఫొటో వెనక ఇంకో సంగతి ఉంది. జట్టులో మా అమ్మాయి పని గెలవడం కాదు, గెలవగలిగే అమ్మాయిని చివరి కొండ దాకా అలిసిపోకుండా తీసుకెళ్లడం. ముందు తొక్కేవాళ్లు గాలిని కోస్తారు, వాళ్ల వెనక చక్రానికి అంటుకుని వచ్చేవాళ్లకి బోలెడు బలం మిగులుతుంది, రోడ్డు రేసు అంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. ఎండ ముదిరాక తను గుంపులోంచి వెనక్కి జారి జట్టు కారు దగ్గరికి వస్తుంది, కిటికీలోంచి అందించిన నీళ్ల సీసాలు ఒక్కొక్కటే జెర్సీ వెనక జేబుల్లో పెట్టుకుంటుంది, జేబులు నిండితే మెడ దగ్గర్నుంచి వీపు మీదకి దోపుకుంటుంది, ఏడో ఎనిమిదో అయ్యేసరికి గూని వచ్చినట్టు వీపు ఉబ్బిపోతుంది. ఆ బరువుతో కార్ల మధ్య సందు చూసుకుంటూ మళ్లీ గుంపు ముందుకి చేరాలి. సీసాలు పంచేసి మళ్లీ గాలికి ఎదురు నిలబడాలి. ఆఖరి కొండ మొదలయ్యేసరికి కాళ్లలో ఏమీ మిగలదు, ఫలితాల్లో డెబ్బయ్యో ఎనభయ్యో స్థానం. ఒకసారి పడ్డాక ఇంటికొచ్చి టేబుల్ లైటు కింద మోచెయ్యి పెట్టుకుని చిన్న పట్టకారుతో కంకర తీసుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడి ఏమీ అనలేకపోయాను. తనే తలెత్తి, "అమ్మా, మనమ్మాయి మూడో స్థానంలో వచ్చింది తెలుసా" అంది, తన గురించి కాదు, తను గాలి కాసిన అమ్మాయి గురించి.

ఈ పని విలువేమిటో 2024 మహిళల టూర్‌లో అందరూ చూశారు. పసుపు జెర్సీలో ఉన్న డెమి వోలెరింగ్ అయిదో స్టేజి, అంటే అయిదో విడత రేసు, చివర్లో పడిపోయింది, గుంపు వెళ్లిపోయింది, లాక్కొచ్చేవాళ్లు పక్కన సరిపడా లేక ఆ ఒక్క రోజే నిమిషంన్నరకు పైగా పోగొట్టుకుంది. ఆఖరి రోజు ఆల్ప్ డుయెజ్ కొండ మీద స్టేజి గెలిచి కూడా, మొత్తం లెక్కలో కాషా నియెవియాడోమా కన్నా 4 సెకన్లు వెనకబడింది. 24 గంటలకు పైగా తొక్కాక 4 సెకన్లు! ఈ కథ పాఠకులు చదవరని ఎవరైనా అంటే నేను నమ్మను.

జీతాల సంగతి చెప్తాను. పై స్థాయి మహిళా జట్లకు కనీస జీతం ఉండాలని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నియమం పెట్టింది 2020లో, అప్పుడు ఏడాదికి 15,000 యూరోలు, తర్వాత పెంచుతూ వచ్చారు. ప్రసూతి సెలవు కూడా అప్పుడే వచ్చింది, మూడు నెలలు పూర్తి జీతం, ఆ తర్వాత అయిదు నెలలు సగం. మంచి పనే, నేను కాదనను. కానీ కిందికి దిగి కాంటినెంటల్ జట్ల దగ్గరికి వస్తే యూసీఐ కనీస జీతం నియమమే లేదు, మొదలుపెట్టే అమ్మాయిలు ఎక్కువగా ఉండేది అక్కడే. పొద్దున నాలుగు గంటలు తొక్కి, మధ్యాహ్నం ఉద్యోగానికి వెళ్లి, రేసుల కోసం సెలవులు అడుక్కునేవాళ్లు వాళ్లు. ఇరవయ్యారో ఇరవయ్యేడో వచ్చేసరికి ఇక చాల్లే అని మానేస్తారు, కాళ్లలో బలం తగ్గి కాదు, అద్దె కట్టలేక.

పై మెట్టు మీద ఉన్నవాళ్లకైనా న్యాయం జరిగిందా అంటే, ఫ్రాన్స్‌లో రాళ్ల దారుల మీద జరిగే ఒక్కరోజు రేసు పారిస్-రూబేని 2021లో మొదటిసారి మహిళలకు పెట్టారు. పురుషుల రేసు 1896 నుంచి ఉంది, ఆడవాళ్ల వంతు రావడానికి 125 ఏళ్లు పట్టింది. తడిసి బురదైన రాళ్ల దారి మీద లిజీ డెగ్నన్ 80 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా తొక్కి గెలిచింది. గ్లవ్స్ లేవు, హ్యాండిల్ టేపు మీద ఆమె అరచేతుల రక్తం మరకలు ఫొటోల్లో కనిపిస్తాయి. అప్పటికి ఆమెకి మూడేళ్ల పాప. బహుమతి 1,535 యూరోలు. మర్నాడు అదే రేసు గెలిచిన పురుషుడికి 30,000. ఆమె జట్టే ముందుకొచ్చి ఆ తేడా కట్టాల్సి వచ్చింది, నిర్వాహకులు కాదు.

చూసేవాళ్లు లేరు కాబట్టి వెయ్యట్లేదు, ఇది మీరు చెప్పబోయే జవాబని తెలుసు. నాకు మాత్రం ఇది తిరగేసిన లెక్కలా కనిపిస్తుంది. 1984లో కూడా మహిళల టూర్ జరిగింది, 18 స్టేజిలు, మరియాన్ మార్టిన్ గెలిచింది, 1989 తర్వాత అది ఆగిపోయింది. తర్వాత వేరే పేర్లతో రేసులు వచ్చాయి పోయాయి, పూర్తిస్థాయి మహిళల టూర్ మళ్లీ 2022లో గానీ రాలేదు. చూపించకుండా ఉంచి, ఎవరూ చూడట్లేదని మూసేస్తే అది ఎవరి తప్పు? టోక్యో ఒలింపిక్స్‌లో జట్టు కాంట్రాక్టు కూడా లేని గణిత పరిశోధకురాలు ఆనా కీసెన్‌హోఫర్ మొదటి కిలోమీటర్ నుంచే ముందుకెళ్లి ఒంటరిగా గెలిచింది. ఆమె ముందుందని తెలియక రెండో స్థానంలో వచ్చిన అన్నెమీక్ వాన్ ఫ్లూటెన్ తనే గెలిచాననుకుని చేతులు పైకెత్తింది. ఆ రోజు ప్రపంచమంతా చదివిందండీ ఈ వార్త, ఎందుకంటే ఎవరో రాశారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. మహిళల టూర్ జరిగే రోజుల్లో, పురుషుల రేసుకి ఇచ్చిన చోటే, అదే అక్షరాల సైజులో, ఆ రోజు స్టేజి ఫలితం వెయ్యండి. వీలైతే విజేత పేరు పక్కన జట్టు పేరు కూడా వెయ్యండి, స్పాన్సర్ చూసేది దాన్నే. ఇంకొక్క లైను మిగిలితే, ఆ విజేతని కొండ దాకా లాక్కొచ్చిన అమ్మాయి పేరు కూడా రాయండి.

ఇట్లు,
ఒక సైక్లిస్టు తల్లి, మీ పాఠకురాలు