సికింద్రాబాద్ ఎంపీల రికార్డు: మెజారిటీ ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

సికింద్రాబాద్ లోక్‌సభ స్థానం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మీ పత్రికతో సహా చాలా పత్రికలు ఎవరు ఎన్నిసార్లు గెలిచారు, ఎంత మెజారిటీ వచ్చింది అని ఒక పట్టిక వేసి ఊరుకుంటున్నాయి. దాన్ని చూసి ఒకరు ‘కంచుకోట’ అంటారు, మరొకరు ‘పట్టు సడలింది’ అంటారు. పూర్తిగా నగరంలోనే ఉన్న నియోజకవర్గానికి ఆ పట్టిక ఎంతమాత్రం సరిపోదని నా అభిప్రాయం.

బండారు దత్తాత్రేయ గారి సంగతే తీసుకోండి. ఆయన 1991, 1998, 1999, 2014 సంవత్సరాల్లో బీజేపీ తరఫున ఇక్కడ గెలిచారు. 2009లో కాంగ్రెస్ అభ్యర్థి అంజన్‌కుమార్ యాదవ్ చేతిలో 1,70,167 ఓట్ల తేడాతో ఓడిన ఆయనే, ఐదేళ్ళు తిరిగేసరికి అదే ప్రత్యర్థి మీద 2,54,735 ఓట్ల మెజారిటీ సాధించారు. అభ్యర్థులిద్దరూ వారే, నియోజకవర్గం సరిహద్దులూ అవే. మారినవల్లా పొత్తులూ, రాజకీయ వాతావరణమూ. 2009లో బీజేపీకి లేని తెలుగుదేశం తోడు 2014లో ఉంది, దానికితోడు కేంద్రంలో పదేళ్ళు పాలించిన కాంగ్రెస్ మీద వ్యతిరేకతా కలిసింది. ఆ భారీ మెజారిటీని మొత్తంగా ఆయన ఖాతాలో వేస్తే, అంతకుముందరి ఓటమినీ మొత్తంగా ఆయన నెత్తినే రుద్దాల్సి వస్తుంది. రెండూ సరికావు.

అదే పార్టీకి చెందిన జి. కిషన్‌రెడ్డి గారి రికార్డు ఇంకా ఆసక్తికరం. 2018 డిసెంబరులో అంబర్‌పేట అసెంబ్లీ స్థానంలో ఆయన 1,016 ఓట్ల తేడాతో ఓడిపోయారు. నాలుగు నెలల తర్వాత, అంబర్‌పేట కూడా ఒక సెగ్మెంటుగా ఉన్న ఈ లోక్‌సభ స్థానంలో పోటీ చేసి 62,114 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2024లో ఆ ఆధిక్యం 49,944కు తగ్గింది. మెజారిటీ ఒక్కటే చూస్తే ఆయన బలం తగ్గిందనే అనుకుంటాం. నిజానికి ఆయనకు పడిన ఓట్లు 3,84,780 నుంచి 4,73,012కు పెరిగాయి, పోలైన ఓట్లలో వాటా సుమారు 42 శాతం నుంచి 45 శాతానికి చేరింది. తేడా ఎందుకు తగ్గిందంటే, రెండో స్థానంలో ఉన్న అభ్యర్థి అంతకన్నా ఎక్కువగా పుంజుకున్నారు: 2019లో అప్పటి టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) అభ్యర్థికి 3,22,666 ఓట్లు వస్తే, 2024లో కాంగ్రెస్ అభ్యర్థి దానం నాగేందర్‌కు 4,23,068 వచ్చాయి.

వీటితో అసెంబ్లీ ఫలితాలను పోల్చి చూస్తే లెక్క మరింత తికమకగా ఉంటుంది. 2023 నవంబరులో ఈ పరిధిలోని ఏడు సెగ్మెంట్లలో నాంపల్లి మజ్లిస్‌కు పోగా, మిగిలిన ఆరూ బీఆర్‌ఎస్ గెలుచుకుంది. బీజేపీకి, కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. ఆరు నెలలైనా గడవకముందే, 2024 మే నెలలో, సికింద్రాబాద్ సిట్టింగ్ ఎమ్మెల్యే పద్మారావు గౌడ్‌నే నిలబెట్టినా బీఆర్‌ఎస్ 1,29,586 ఓట్లతో మూడో స్థానంలో నిలిచింది. ఇక్కడి ఓటరు అసెంబ్లీకి ఒకలా, లోక్‌సభకు మరోలా ఆలోచిస్తున్నాడనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

పోలింగ్ శాతం సంగతి వేరే చెప్పాలి. 2024లో 21 లక్షల పైచిలుకు ఓటర్లలో ఓటేసినవారు 49 శాతమే. అంటే విజేతకు దక్కినవి నమోదైన మొత్తం ఓటర్ల సంఖ్యలో నాలుగో వంతు కూడా కావు. ఇది ఆయన తప్పు కాదు, ఈ పోలింగ్‌తో ఎవరు గెలిచినా ఇంతే. అయితే ఈ శాతాన్నీ గుడ్డిగా నమ్మలేం. మా ఇంటి నంబరు కింద, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిన అద్దెవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలో ఇంకా అలాగే ఉన్నాయి. ఇళ్ళు మారడం నిత్యకృత్యమైన నగరంలో ఇలాంటి పేర్లు పేరుకుపోయి పోలింగ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తాయి.

ఎన్నికల యంత్రాంగం విడుదల చేసే ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. జూబ్లీహిల్స్, ముషీరాబాద్, సనత్‌నగర్ ఓటర్లు ఒకే అభ్యర్థిని ఎలా చూశారో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు. మీ విలేఖరులకు అది పెద్ద పనేమీ కాదు. ఇకమీదట పట్టిక వేసేటప్పుడు 2019, 2024 ఫలితాలను ఏడు సెగ్మెంట్ల వారీగా పక్కపక్కన, నమోదైన ఓటర్లలో వాటాతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్