గద్దె దించిన తర్వాత

తల్లీ,

నీ ఉత్తరం చదివాను. "నియంతను దించేస్తే దేశం బాగుపడుతుందా, పడదా? డొంకతిరుగుడు లేకుండా చెప్పు నాన్నా" అన్నావు. దించినంత మాత్రాన బాగుపడదు. అలాగని దించకూడదనీ కాదు. మొదటి మాట చదవగానే నీకు కోపం వస్తుందని తెలిసే రెండోది వెంటనే రాశాను.

2003 ఏప్రిల్ 9న బాగ్దాద్‌లో సద్దాం హుస్సేన్ విగ్రహాన్ని కూల్చిన వీడియో చూస్తే ఒళ్లు పులకరించిందని రాశావు. నిజమే, ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ ఇరాక్ తలరాతను మార్చింది ఆ విగ్రహం పడటం కాదు, మే నెలలో వచ్చిన రెండు ఉత్తర్వులు. అమెరికా తరఫున పాలన చేపట్టిన పాల్ బ్రెమర్ మొదటి ఉత్తర్వుతో సద్దాం నడిపిన బాత్ పార్టీ పైమెట్లలో ఉన్నవాళ్లను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేశాడు. ఉద్యోగంలో పైకి రావడానికే పార్టీలో చేరిన వాళ్లు ఎందరో. అందుకే దీని దెబ్బ బడిపంతుళ్ల దాకా తగిలింది. రెండో ఉత్తర్వు సైన్యాన్నే రద్దు చేసింది. ఆయుధం పట్టడం తెలిసిన లక్షల మంది జీతం, పరువు రెండూ పోయి రోడ్డున పడ్డారు. ఆయుధాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పదేళ్ల తర్వాత ఐసిస్‌ను నడిపిన వాళ్లలో సద్దాం సైన్యపు మాజీ అధికారులూ ఉన్నారంటే ఆశ్చర్యం ఏముంది?

నియంత అనగానే మనకు ఒక్క ముఖమే కనిపిస్తుంది. కానీ ఏళ్ల తరబడి పోలీసులు, ఖజానా, కోర్టులు అన్నీ ఆ ఒక్కడి చుట్టూనే అల్లుకుని ఉంటాయి. లిబియాలో గడాఫీ 42 ఏళ్లలో పార్టీ అన్నదాన్నే బతకనివ్వలేదు. 2011లో అతన్ని చంపాక ఎన్నికలైతే జరిగాయి గానీ, 2014కల్లా ఒకే దేశంలో రెండు ప్రభుత్వాలు తయారయ్యాయి. ఈజిప్టులో అదే ఏడాది 18 రోజుల్లో ముబారక్ దిగిపోయాడు, అతని వెనకున్న సైన్యం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎన్నికల్లో గెలిచిన మోర్సీని 2013 జులైలో సైన్యాధిపతి సిసీ తీసేసి, మరుసటి ఏడాది తానే అధ్యక్షుడయ్యాడు.

"అయితే పాత నియంతే నయం కదా" అని నీ స్నేహితుడు అన్నాడట. ఈ వాదన మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. "నేను పోతే అరాచకమే" అని ముబారక్ కూడా అన్నాడు. తన తర్వాత ఎవరూ మిగలకుండా చేసేదీ వాళ్లే, ఎవరూ లేరు కాబట్టి నేనుండాలనేదీ వాళ్లే!

ఇండోనేషియా కథ ఎవరూ పెద్దగా చెప్పుకోరు. 32 ఏళ్లు ఏలిన సుహార్తో 1998 మేలో దిగిపోతే, ఆ కుర్చీ అతని ఉపాధ్యక్షుడు హబీబీకే దక్కింది. సుహార్తో చేత్తో పైకి తెచ్చిన మనిషి. వీధుల్లో ఉన్న విద్యార్థులకు అది ద్రోహంలాగే కనిపించి ఉంటుంది. కానీ ఆ హబీబీయే పత్రికల మీద ఆంక్షలు ఎత్తేశాడు, రాజకీయ ఖైదీలను విడిచిపెట్టాడు, 1999లో స్వేచ్ఛగా ఎన్నికలు జరిపించాడు. చివరికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే సభ తన పాలన నివేదికను తిరస్కరిస్తే, అధ్యక్ష పోటీ నుంచి తప్పుకున్నాడు. మంచివాడని కితాబివ్వడం లేదు. అతని కాలంలోనే, అప్పటికి ఇండోనేషియా పట్టులో ఉన్న తూర్పు తిమోర్‌లో ఘోరమైన రక్తపాతం జరిగింది. నేను చెప్పేది ఆ తప్పుకోవడం గురించి. గెలిచినవాడు ఏం చేశాడన్నదాని కంటే, ఓడినవాడు ఇంటికి వెళ్లాడా లేదా అన్నదే నేను ముందు చూస్తాను.

చిలీ ప్రజలు 1988లో ఓటుతోనే సైనిక నియంత పినోచేకు "వద్దు" అన్నారు. అతను 1990లో పదవి దిగాడు, కానీ సైన్యాధిపతిగా 1998 దాకా కొనసాగాడు. 2006లో చనిపోయేదాకా ఒక్క శిక్షా పడలేదు. మనుషులు మాయమైపోయిన కుటుంబాలకు ఈ బేరం ఎలా మింగుడుపడుతుంది? దేశం చీలిపోకుండా నిలబడినందుకు కట్టిన ధర అని నాకనిపిస్తుంది. కానీ ఆ ధర కట్టింది నేను కాదు కాబట్టి, ఈ మాట గట్టిగా అనలేను.

ట్యునీషియా నీకిష్టమైన ఉదాహరణ కదా. 2011లో బెన్ అలీ పారిపోయాడు, 2014లో మంచి రాజ్యాంగం వచ్చింది, మరుసటి ఏడాది అక్కడి పౌర సంఘాల కూటమికి నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. ఆ రాజ్యాంగంలో రాజ్యాంగ న్యాయస్థానం ఒకటి ఉండాలని రాసుకున్నారు. జడ్జీల పేర్ల మీద పార్టీలకు కుదరక ఏళ్లు గడిచినా అది ఏర్పడలేదు. 2021 జులైలో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును ఆపేసినప్పుడు, అది చెల్లదని చెప్పాల్సిన కోర్టే లేదు. వీధుల్లో కొంతమంది సంబరాలు కూడా చేసుకున్నారు, ఆ పార్టీల కీచులాటలతో అంత విసిగిపోయారు మరి.

ఇకనుంచి ఎక్కడైనా ఎవరైనా గద్దె దిగారన్న వార్త పంపితే, ఆ తర్వాతి ఏడాది వార్తలు కూడా పంపు. జడ్జీల నియామకాల వార్తలు బోరు కొడతాయని నాకూ తెలుసు. అవీ పంపు.

ప్రేమతో,
నాన్న