కుడిఎడమలు మారిన దైవవృక్షం

సంపాదకులకు నమస్కారం.

యూదుల మార్మిక సంప్రదాయమైన కబాలా గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. తెలుగులో ఈ విషయం మీద రాసేవారే అరుదు కనుక ముందుగా కృతజ్ఞతలు. అయితే వ్యాసంతో పాటు వేసిన పది వలయాల చిత్రంలోనూ, దాని కింద రాసిన ‘పదిమంది దేవతలు కొలువైన యూదుల శ్రీచక్రం’ అన్న వాక్యంలోనూ కొన్ని పొరపాట్లు దొర్లాయి. అవి చిన్నవి కావు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటిది, చిత్రం మీ పేజీలో అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చయింది. హీబ్రూ తెలియనివారికి అక్షరాలు తిరగబడ్డ సంగతి కనిపించకపోవచ్చు. కానీ సెఫిరోత్ అని పిలిచే ఆ పది వలయాల అమరికలో కుడి, ఎడమ అన్నవి అందం కోసం పెట్టుకున్నవి కావు. కుడి వరుసలో పైనుంచి కిందికి జ్ఞానమైన హొఖ్మా, కరుణ అయిన హెసెద్, విజయమైన నెత్సాహ్ ఉంటాయి. ఎడమ వరుసలో వివేచన అయిన బినా, హద్దులు గీసి దండించే శక్తి అయిన గెవురా, మహిమ అయిన హోద్ ఉంటాయి. నడిమి వరుసలో కిరీటం అనే అర్థమున్న కెతెర్ అన్నిటికన్నా పైన, సౌందర్యమైన తిఫెరెత్, పునాది అయిన యెసోద్ మధ్యన, రాజ్యం అనే అర్థమున్న మల్ఖూత్ అట్టడుగున ఉంటాయి. కరుణ దేవుడి కుడిచేయి, తీర్పు ఎడమచేయి, ఆ రెండూ తిఫెరెత్‌లో రాజీ పడతాయి అన్నది ఈ చిత్రం చెప్పే ముఖ్యమైన మాట. దాన్ని తిప్పి అచ్చువేస్తే కరుణ ఉండవలసిన చోట దండన వచ్చి కూర్చుంటుంది.

ఇక ‘పదిమంది దేవతలు’ అన్న మాట. సెఫిరోత్ గురించి తొలిసారి చెప్పిన సెఫెర్ యెత్సీరా అనే ప్రాచీన గ్రంథమే ‘పది, తొమ్మిది కాదు, పది, పదకొండు కాదు’ అని లెక్కను గట్టిగా బిగించింది. అయితే తర్వాతి కబాలా పండితుల దృష్టిలో ఆ పదీ దేవుళ్లు కావు. ఎయిన్ సోఫ్, అంటే అంతం లేనిది అని మాత్రమే చెప్పగలిగిన ఆ ఒక్క సత్యం మనకు తెలిసివచ్చే పది తీరులు. ఇజ్రాయెల్ ఉత్తరాన గలిలయలోని సఫెద్ పట్టణంలో 1548లో ‘పర్దెస్ రిమ్మోనీమ్’ పూర్తి చేసిన మోషే కోర్దొవెరో దీనికి చక్కటి పోలిక చెప్పాడు: ఒకే నీటిని రంగురంగుల పాత్రల్లో పోస్తే ఒకచోట ఎర్రగా, ఒకచోట పచ్చగా కనిపిస్తుంది గాని నీటికి రంగు అంటదు. మీ వ్యాసకర్త చేసిన పొరపాటు కొత్తదేమీ కాదు. ‘క్రైస్తవులు ముగ్గురిని నమ్మితే కబాలావాళ్లు పదిమందిని నమ్ముతారు’ అని ఒకాయన ఎత్తిపొడిచిన సంగతిని 14వ శతాబ్దపు యూదు ధర్మవేత్త ఇసాక్ బెన్ షేషెత్ రాసిపెట్టాడు. ఆ నింద మోసినవారి మీదే ఆరు వందల ఏళ్ల తర్వాత మళ్లీ మోపడం న్యాయం కాదు.

మీరు వేసిన చిత్రం యూదుల రాతప్రతుల నుంచి తీసుకున్నదీ కాదు. అందులో మల్ఖూత్‌కు పైనుంచి మూడు దారులు, అంటే వలయాలను కలిపే గీతలు, దిగుతున్నాయి, దారుల పక్కన జోస్యం చెప్పడానికి వాడే టారో కార్డుల పేర్లున్నాయి. మూడు దారుల అమరికను ఐరోపాలో ప్రచారంలోకి తెచ్చినది 1650లలో రోములో అచ్చయిన జెసూట్ అనే కాథలిక్ సన్యాసి సంఘానికి చెందిన పండితుడు అథనేసియస్ కిర్షర్ గ్రంథం. సఫెద్‌లో బోధించి 1572లో కన్నుమూసిన ఇసాక్ లూరియా పేరుతో సాగే అమరికలో మల్ఖూత్‌ను చేరే దారి ఒక్కటే, అది యెసోద్ నుంచి వస్తుంది. చిత్రంలోని మొత్తం 22 దారులకు అసలు ఆధారం 22 హీబ్రూ అక్షరాలు. కార్డుల జత 19వ శతాబ్దపు ఐరోపా గుప్తవిద్యా సంఘాలు చేర్చినది.

శ్రీచక్రంతో పోలిక ఎందుకు తట్టిందో నాకు అర్థమవుతుంది. ఈ పది వలయాలను వేళ్లు పైన, కొమ్మలు కింద ఉన్న చెట్టు అనగానే మనకు గీతలోని ‘ఊర్ధ్వమూల’ శ్లోకం గుర్తుకు రావడం సహజం. కానీ శ్రీచక్రానికి ఆవరణ పూజ, కుంకుమార్చన చేస్తాం. ఇలాన్, అంటే చెట్టు, అని యూదులు పిలిచే ఈ చిత్రానికి అర్చన లేదు. దాన్ని తోలుచుట్టల మీద, కొన్నిసార్లు మీటర్ల పొడవున గీసి, చదువుకుంటూ, వేలితో దారులు పట్టుకుంటూ ధ్యానించేవారు. తాయెత్తులా దగ్గర పెట్టుకున్నవారూ ఉన్నారు, ఆ సంగతి దాచను. దేవుడి రూపం చెక్కకూడదన్న ఆజ్ఞను ప్రాణంగా చూసుకునే ఈ మతంలో ఆ వలయాలను నింపేవి చాలావరకు పేర్లూ మాటలే.

ఈ సంగతి నేను పుస్తకాలకన్నా ముందు ఒక గోడ మీద చూశాను. మా జిల్లా నుంచి వెళ్లిన చాలామందిలాగే నేనూ ఇజ్రాయెల్‌లో కొన్నేళ్లు వృద్ధుల సంరక్షకుడిగా పనిచేశాను. బాత్ యామ్‌లో నేను చూసుకున్న పెద్దాయన కుటుంబం మొరాకో నుంచి వచ్చింది. ఆయనను వాళ్ల భాషలో ‘సబా’ అని, అంటే తాతా అని పిలిచేవాణ్ణి. మంచానికి ఎదురుగా చట్రం కట్టిన శివీతి అనే ప్రార్థనా ఫలకం ఉండేది. ‘ప్రభువును ఎల్లవేళలా నా ఎదుట నిలుపుకున్నాను’ అన్న 16వ కీర్తన మాటలోని మొదటి పదమే దాని పేరు. దూరం నుంచి చూస్తే ఏడు కొమ్మల దీపస్తంభం. దగ్గరికి వెళితే గీత అన్నదే లేదు, 67వ కీర్తనలోని ఏడు వచనాలు, శీర్షిక కాక 49 పదాలు, కొమ్మకొక వచనంగా పొందించి రాసినవే. సబా చెయ్యి వణికేది. అయినా రోజూ పొద్దున నా భుజం పట్టుకుని నిలబడి, పై నుంచి కిందికి ఒక్కో కొమ్మనూ వేలితో చదివేవారు. పైనున్న నాలుగక్షరాల దేవుడి పేరు దగ్గర మాత్రం వేలు ఆగేది, దాన్ని ఉన్నదున్నట్టు పలికేవారు కాదు, ‘అదోనాయ్’ అనేవారు.

మీ చిత్రంలోనూ పై వలయం మీద ఆ నాలుగక్షరాలే ఉన్నాయి. ఆ పేరు రాసిన కాగితాన్ని వాళ్లు పారేయరు, విడిగా దాచి, తర్వాత భూమిలో పాతిపెడతారు. వినాయకుడి బొమ్మ ఉన్న శుభలేఖను చెత్తబుట్టలో వేయడానికి మనకు చేయి రాదు కదా! దినపత్రిక మర్నాటికి బజ్జీల పొట్లం అవుతుంది. అందుకే వచ్చే ఆదివారం సవరణ వేసేటప్పుడు జెరూసలేంలోని జాతీయ గ్రంథాలయం వంటి చోట ఉన్న పాత ఇలాన్ చిత్రాన్ని, అక్షరాలు కుడి నుంచి ఎడమకు చదివేలా సరిచూసి, ఆ పేరు బదులు యూదు అచ్చువారు వాడే యోద్ అనే హీబ్రూ అక్షరాన్ని రెండుసార్లు పెట్టి ప్రచురించమని కోరుతున్నాను. తిరగబడి ఉన్నప్పటికీ, మీ పేజీని నేను మడిచి సబా ఇచ్చిన ప్రార్థన పుస్తకంలో పెట్టాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, జగిత్యాల